కుడి చెవిలో రెండో గొంతు

తలుపు పడింది. మామూలు తలుపు పడ్డట్టు కాదు. పల్లెలో బంగాళాదుంపలు దాచే నేలమాళిగ మూత దిగినట్టు బరువుగా, చుట్టూ ఉన్న రబ్బరు అంచు ఉఫ్‌మని గాలి వదిలి, బయటి లోకాన్ని బయటే ఉంచేసి పడింది. అంతదాకా వినపడుతున్నవన్నీ, వసారాలో ఎవరిదో దగ్గు, నర్సు చెప్పుల చప్పుడు, కిటికీ కింద ట్రాలీబస్సు మూలుగు, ఒక్కసారిగా లేకుండా పోయాయి. మిగిలింది ఒక్కటే. పొద్దున లేచినప్పటినుంచీ కుడి చెవిలో ఉన్న ఆ సన్నటి ఈల.

స్కిర్మాంతె కళ్ళు గట్టిగా మూసుకుంది. కళ్ళు మూసుకుంటే చెవి మూతపడదని తెలియక కాదు, అయినా మూసుకుంది. ఉంది. దూదిలోంచి లాగిన పోగులా ఎక్కడా తెగకుండా ఉంది. రాత్రంతా మంచు కురిసింది, ఈ ఏటికి ఇదే మొదటి మంచు. పొద్దున లేచేసరికి విల్నియస్ ఊరు ఊరంతా దుప్పటి కప్పుకుని పడుకున్నట్టుంది, కార్ల మోత లేదు, కాకి లేదు, పై అంతస్తు ముసలాయన రేడియో కూడా లేదు, ఆ తెల్లటి నిశ్శబ్దంలో దిండు మీద తల ఇటు తిప్పింది, అంతే, వినపడింది. మొదట ఫ్రిజ్ అనుకుంది. వెళ్ళి ఫ్రిజ్ ప్లగ్గు పీకింది. కిటికీ సందులోంచి గాలేమో అనుకుని సందులో తువ్వాలు కుక్కింది. ఆ తర్వాత వంటింట్లో చల్లటి గచ్చు మీద వట్టికాళ్ళతో నిలబడి, పీకిన ప్లగ్గు ఇంకా చేత్తోనే పట్టుకుని, ఇది ఇంట్లో లేదు, నాలో ఉంది అని తెలిసేసరికి స్టూలు మీద కూలబడింది. ఎడమ చెవి పోయింది కూడా ఇలాగే కదా. ముందు మోత, ఆ తర్వాత మోత తప్ప ఇంకేమీ లేకపోవడం. ఇప్పుడు కుడిది మొదలెట్టింది. ఇది కూడా పోతే... ఆ మాట దగ్గరికి రాగానే మనసు వాగు ఒడ్డున బెదిరిన గొడ్డులా కాళ్ళు తన్నిపెట్టి ఆగిపోతోంది. ముందుకి అడుగెయ్యదు. ఎంత అదిలించినా వెయ్యదు.

"వినపడుతోందా అమ్మాయ్?" హెడ్‌ఫోన్లలోంచి డాక్టర్ గెనొవైతె గొంతు. గాజు పలక అవతల ఆవిడ పెదాలు కదిలాక లిప్తపాటు ఆగి ఇక్కడ మాట పడుతోంది. బొద్దుమనిషి, కళ్ళజోడు గొలుసుకి కట్టి మెళ్ళో వేసుకుంది, బల్ల మీద సగం తిన్న గసగసాల రొట్టె. "మీట చేతిలో ఉందిగా. వినపడితే నొక్కు. లేకపోతే నొక్కకు. ఊహించి నొక్కొద్దు. ఇక్కడికొచ్చే ముసలాళ్ళందరూ నన్ను సంతోషపెడదామని నొక్కుతూనే ఉంటారు. నాకు సంతోషం అక్కర్లేదు, నిజం కావాలి."

నిజం. చేతిలో మీట అప్పుడే చెమటకి జారుతోంది. ముందు ఎడమ చెవి, అంది డాక్టరు. గాజు అవతల ఆవిడ వేళ్ళు ఒక బిరడా తిప్పుతున్నాయి, ఆగుతున్నాయి, మళ్ళీ తిప్పుతున్నాయి. ఆ వేళ్ళు ఆగిన ప్రతిసారీ ఎక్కడో ఒక శబ్దం తన ఎడమ చెవిలోకి వస్తూ ఉండాలి. వచ్చి, తలుపు తట్టి, జవాబు లేక వెళ్ళిపోతూ ఉండాలి. అప్పుడప్పుడు అడుగునుంచి, పీపాలో రాయి పడ్డట్టు ఒక బొంగురు చప్పుడు, దానికి నొక్కింది. మిగతావాటికి ఆ చెవిలో ఉండే పాత మోతే అడ్డం, చిత్తడి నేలలో దోమల గుంపులా. డాక్టరు వేళ్ళకేసి చూడకూడదనుకుంది. చూస్తే అవి ఆగినప్పుడు నొక్కెయ్యాలనిపిస్తోంది. అబద్ధమైనా సరే నొక్కెయ్యాలనిపిస్తోంది. ఈ హెడ్‌ఫోన్లే చాలు అసలు. ఆ రోజు తర్వాత వీటిని నెత్తిన పెట్టుకోవడం ఇదే మొదలు. నర్సు పెడుతుంటే భుజాలు చెవులదాకా లేచిపోయాయి, ఆ పిల్ల నవ్వి, "కరవవులెండి" అంది. కరుస్తాయి. ఆ పిల్లకి తెలియదు.

ఆ రోజు కూడా ఆ పిల్ల నవ్వంత తేలిగ్గానే మొదలైంది. మధ్యాహ్నం, ఎండ, కిటికీలో దిల్లు ఆకు కట్ట ఎండబెట్టి ఉంది. పనిగదిలో తనూ, కలిసి పనిచేసే వీతెనిసూ ఇద్దరే. మగ్గం అప్పటికి నడక నేర్చే పిల్లలా ఉంది, పడుతూ లేస్తూ. శబ్దాలు అల్లే ఆ ప్రోగ్రాముకి మగ్గం అని పేరు పెట్టింది తనే. బ్రౌజర్‌లో పేజీ తెరిస్తే చాలు, ఇంకేదీ ఎక్కించక్కర్లేదు, బడిలో మూలపడ్డ పాత కంప్యూటరైనా సరే. తెర మీద ఖాళీ స్థలం. అందులో చిన్న చిన్న పెట్టెలు. ఒక పెట్టె మైకు, ఒకటి శబ్దాన్ని పెంచేది, ఒకటి కొంచెంసేపు దాచి వదిలేది, ఒకటి బయటికి వినిపించేది. వేలితో ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి దారం లాగితే శబ్దం ఆ దారం వెంట నడుస్తుంది. ఒక్క ముక్క ప్రోగ్రాము రాయడం రాకపోయినా పర్లేదు, దారం కట్టడం వస్తే చాలు. తెర మీద దారం ఎంత పొడుగ్గా లాగితే శబ్దం అంత ఆలస్యంగా చేరుతుంది, అది తన ఊహే, దాన్ని చూసి వీతెనిస్ కుర్చీలోంచి లేచి మరీ గంతులేశాడు. శబ్దం పెద్దదయ్యేకొద్దీ దారం పసుపు, నారింజ, ఎరుపు. కుపిష్కిస్‌లో ఉన్న మార్ట్సెలె అత్తకి మొదటిసారి చూపిస్తే, కళ్ళద్దాలు నుదుటిమీదికి తోసి, దగ్గరికి వంగి చూసి, "ఇదేంటే, కోళ్ళ గంపలన్నీ తాళ్ళతో కట్టేశావు? దొంగలెత్తుకుపోతారనా?" అంది. అత్త అంటే నాన్న అక్క. తనని పెంచిన మనిషి. ఆ కోళ్ళ గంపల్లో అత్త గొంతు వేసి, దారం పొడుగ్గా లాగితే, ఆవిడ పాడింది ఆవిడకే వెనకనుంచి మళ్ళీ వినపడేసరికి మాత్రం నోరు తెరిచి, చేత్తో మూసుకుని, చిన్నపిల్లలా నవ్వింది.

ఆ మధ్యాహ్నం కూడా అత్త గొంతే. పాత రికార్డు, చాలా సన్నగా ఉంది, సరిగా వినపడక హెడ్‌ఫోన్ల బిరడా చివరిదాకా తిప్పేసింది. వీతెనిస్ ఏదో చెబుతున్నాడు, వాళ్ళ మామగారు పుట్టగొడుగులకి వెళ్ళి అడవిలో దారి తప్పి పక్క జిల్లాలో తేలిన సంగతి, అది వినడానికి కుడి చెవి వైపు హెడ్‌ఫోను గిన్నెని వెనక్కి తోసుకుంది. ఎడమ చెవికి పాట, కుడి చెవికి మామగారు. అత్త గొంతు వెళ్ళిన దారాన్ని మళ్ళీ తీసుకొచ్చి మొదటి పెట్టెలోకే కట్టింది. చుట్టు. వెళ్ళిన శబ్దం మళ్ళీ వస్తుంది, మళ్ళీ వెళ్తుంది, ప్రతి చుట్టుకీ కొంచెం తగ్గాలి, తగ్గితేనే అది ప్రతిధ్వని. తగ్గకపోతే మంట. అందుకే పెంచే పెట్టెలో తక్కువ అంకె వెయ్యాలి, ఒకటికంటే తక్కువ. వేసింది. సున్నా, కామా, తొమ్మిది. చిన్నప్పుడు బళ్ళో టీచరు బోర్డు మీద రాసినట్టే, కొట్లో తూకం చీటీ మీద రాసినట్టే, ఈ దేశంలో పుట్టిన ఎవరైనా రాసేటట్టే, పూర్ణాంకానికీ భిన్నానికీ మధ్య కామా పెట్టి రాసింది. ఆ పెట్టెలో అంకెలు చదివే ప్రోగ్రాము ముక్క మాత్రం తను రాసింది కాదు, ఎక్కడో వేరే దేశపువాడు రాసి నలుగురికీ వదిలింది తెచ్చుకుంది. వాళ్ళ దేశంలో కామా వేలకీ లక్షలకీ మధ్య పెట్టుకునే గీత, విలువ లేనిది, తీసి పారెయ్యాల్సింది. ఆ ముక్క కామాని తీసి పారేసింది. సున్నా తొమ్మిది. అంటే తొమ్మిది. ప్రతి చుట్టుకీ తొమ్మిదింతలు. మామగారు పక్క జిల్లాలో పోలీసువాణ్ణి దారి అడుగుతున్నాడు, తను నవ్వబోతోంది, దారం ఎర్రబడటం కన్ను చూసేలోపే చెవి అయిపోయింది. శబ్దం అని కూడా అనలేం. తెల్లటిది ఏదో. కొరడా తల లోపలినుంచి తగిలినట్టు. హెడ్‌ఫోన్లు లాగి విసిరేస్తే అవి గోడకి కొట్టుకుని, అక్కడ పడి కూడా అరుస్తూనే ఉన్నాయి. వీతెనిస్ నోరు ఆడుతోంది. దిల్లు కట్ట ఊగుతోంది. ఆ తర్వాత చాలాకాలం అతను, "మా మామ దారి తప్పబట్టి నీకు ఒక చెవన్నా మిగిలింది" అనేవాడు, నవ్వించడానికి. తనకి నవ్వు రాలేదు. ఒక్క కామా. ఎవరిని తిట్టాలి? టీచరునా?

"ఎడమది అయిపోయింది." డాక్టరు గొంతులో ఏమీ లేదు, మంచీ లేదు, చెడూ లేదు, ఆ ఏమీ లేకపోవడమే భయం. ఆవిడ ఏదో గీత గీస్తోంది. "ఇప్పుడు కుడిది. ఊపిరి పీల్చుకోమ్మా, ఏమిటలా బిగదీసుకున్నావు, పన్ను పీకుతున్నట్టు."

పీల్చుకుంది. కుడి చెవి. ఉన్నది ఇదొక్కటే కదా అని ఎంత కాపాడుకుంది దీన్ని. ఆ రోజునుంచీ ఇందులో మైనం ఉండ లేకుండా గడప దాటలేదు. ట్రాలీబస్సు బ్రేకుకి మైనం, చర్చి గంటకి మైనం, చంటిపిల్ల ఏడిస్తే మైనం మీద అరచెయ్యి. నిద్రలో కూడా మైనం. వంటింట్లో గిన్నె పడుతుందేమోనని గిన్నెలన్నిటికీ అడుగున గుడ్డలు వేసింది. ఇంత కాపలా కాసినా ఈల లోపలికి ఎలా వచ్చింది? కిటికీ మూసి, తలుపు మూసి, పొగ గొట్టం కూడా మూసుకుని కూర్చుంటే దొంగ మంచం కిందే ఉన్నట్టు. మగ్గానికీ అలాంటి కాపలాయే పెట్టింది. కామా సంగతి మర్నాడే సరిచేసింది, ఒక్క చెవితో కూర్చుని, ఏడుస్తూ సరిచేసింది, అయినా నమ్మకం కుదరలేదు. కామా కాకపోతే ఇంకోటి వస్తుంది. అందుకని ప్రతి చుట్టుకీ ఒక కాపలా పెట్టె. శబ్దం గబుక్కున ఉబ్బిందా, అది టక్కున కత్తిరించేస్తుంది. ఉబ్బడం చూస్తే చాలు, ఎందుకు ఉబ్బిందని అడగదు. శనివారం కుపిష్కిస్ సాంస్కృతిక భవనంలో ఊళ్ళోవాళ్ళందరికీ మగ్గం తెరవాలి. గోడల చుట్టూ హెడ్‌ఫోన్లు వేలాడతాయి, ఎవరు పడితే వాళ్ళు వచ్చి నెత్తిన పెట్టుకుంటారు, ఎవరు పడితే వాళ్ళు దారాలు కడతారు. ఎవరు పడితే వాళ్ళ చెవులు.

కిందటి ఆదివారం అత్త ఇంట్లో పొయ్యి పక్కన బల్ల మీద లాప్‌టాప్ పెట్టి చూపించినప్పుడు గొడవైంది. అత్తా, పక్కింటి బ్రోనె పిన్నీ చెరో హెడ్‌ఫోను పెట్టుకుని సుతార్తినె పాట ఎత్తుకున్నారు. సుతార్తినె అంటే ఒడంబడిక అని అర్థం, వింటే మాత్రం కయ్యంలా ఉంటుంది. ఒకరు ఒక స్వరం పట్టుకుంటే రెండోవాళ్ళు దాన్ని ఆనుకునే ఉన్న పక్క స్వరం పట్టుకుంటారు, ఇరుకు బెంచీ మీద భుజాలు రాసుకుంటూ కూర్చున్నట్టు. రెండు గొంతులూ రాపిడికి రుంయ్ రుంయ్‌మని కొట్టుకుంటాయి, గదిలో గంట మోగినట్టు గాలే ఊగుతుంది. చిన్నప్పుడు తను అత్త ఒడిలో కూర్చుని ఆ ఊపుని వీపుతో వినేది. ఆదివారం నాడు ఆ ఊపు మొదలవగానే టక్. నిశ్శబ్దం. మళ్ళీ ఎత్తుకున్నారు. గొంతులు కలిశాయి, టక్. కాపలాకి ఆ ఊపు ఉబ్బులా కనపడింది, మంట అంటుకుంటోందని కత్తిరించేసింది. మూడోసారికి అత్త హెడ్‌ఫోన్లు తీసి రొట్టె మీద పెట్టింది.

"నీ కుక్క నా గొంతు కరిచిందే."

"కుక్క కాదత్తా, కాపలా. మీ చెవుల కోసమే."

"కాపలా కుక్కనే కుక్క అంటారు. ఇంట్లోవాళ్ళనీ కరుస్తుంటే దాన్నేం చేస్తారు? బ్రోనే, నువ్వు చెప్పు."

"కట్టేస్తారు," అంది బ్రోనె పిన్ని, జున్నుముక్క నములుతూ.

"మేం కొట్టుకోకపోతే అది పాట ఎలా అవుతుందే? జోల అవుతుంది. శనివారం ఊరందర్నీ పిలిచి జోల పాడమంటావా?"

బయటికొచ్చాక కారు దగ్గర, తనతో వచ్చిన వీతెనిస్ మెల్లిగా అన్నాడు. "తీసెయ్ దాన్ని. కామా సరిచేశావుగా. ఇంక ఏమీ కాదు."

"ఏమీ కాదని ఆ రోజు కూడా అనుకున్నాను."

"స్కిర్మా, ఇలా భయపడుతూ శబ్దాలతో పని ఎలా చేస్తావే?"

"నీకు రెండున్నాయిరా. నువ్వు మాట్లాడతావు," అంది. అతను కారెక్కి తాళం తిప్పాడు. దారి పొడుగునా కళ్ళు రోడ్డు మీదే ఉంచాడు. అలా అనకుండా ఉండాల్సింది. కానీ ఎవరైనా శనివారం, ఎవరో ఒక ముసలామె, ఎవరో ఒక బడిపిల్ల, ఎర్రదారం...

ఏదో వచ్చింది. కుడి చెవిలో బుర్రుమని తక్కువ స్థాయి శబ్దం, నొక్కింది. ఇంకా సన్నంగా, నొక్కింది. వినపడుతున్నాయి. వినపడుతున్నాయి! గడ్డివాములో పడ్డ సూదుల్ని ఒక్కొక్కటే ఏరినట్టు ఏరుతోంది, ఒళ్ళంతా చెవి చేసుకుని, గుండె చప్పుడు అడ్డం వస్తే దాన్ని కూడా తిట్టుకుంటూ. శబ్దాలు మెట్టు మెట్టుగా పైకి వస్తున్నాయి. ఈల ఉన్నది పైనే. దగ్గరికి వస్తున్నాయి. ఆ ఈల దగ్గరికి వచ్చేసరికి గుంట ఉంటుంది, అక్కడ ఏమీ వినపడదు, తనకి తెలుసు, చచ్చిపోతున్న చోటే కదా మోత పుట్టేది. ఇంకో మెట్టు. నొక్కింది. ఇంకోటి. ఇప్పుడు... 

వేలు మీట మీద ఆగిపోయింది. రుంయ్. రుంయ్. రుంయ్. ఇదేమిటి, ఊగుతోంది. పొయ్యి పక్కన బల్ల, అత్త ఒడి, వీపు మీద ఊపు. ఒకదానికొకటి ఆనుకుని రెండు స్వరాలు, భుజాలు రాసుకుంటూ. నొక్కాలా? ఆవిడ ఊహించి నొక్కొద్దంది. ఆగిపోయింది ఊపు. మళ్ళీ వచ్చింది, ఇంకా సన్నగా, అయినా అదే ఊపు.

"ఏం, నొక్కవే? వినపడట్లేదా?" డాక్టరు ముందుకి వంగింది. స్కిర్మాంతె మీట మీంచి వేలు తీసేసింది.

"వినపడుతోంది. కానీ మీరు రెండు వదులుతున్నారు."

"ఒకటే వదులుతున్నానమ్మా."

"రెండున్నాయి డాక్టరుగారూ. పక్కపక్క స్వరాలు. కొట్టుకుంటున్నాయి. నేను వీటి మధ్యే పుట్టాను, నాకు తెలుసు."

గాజు అవతల ఆవిడ తన మిషను కేసి చూసింది, ఒక మీట పైకీ కిందికీ ఆడించింది. "ఇప్పుడు?"

"ఇప్పుడు లేదు. ఈల ఒక్కటే ఉంది."

"ఇప్పుడు?"

"మళ్ళీ కొట్టుకుంటున్నాయి."

డాక్టరు మాట్లాడే మీట మీంచి వేలు తీసేసింది, లేచింది. కళ్ళజోడు మెళ్ళో ఊగింది. ఆవిడ కుర్చీ ఖాళీ. గాజులో సగం తిన్న రొట్టె, ఖాళీ కుర్చీ, దాని మీద తన మొహం నీడ. ఎక్కడికి వెళ్ళింది? పెద్ద డాక్టర్ని పిలవడానికా? మెదడులో ఏదైనా ఉందా? ఒకటి మిషనుదైతే రెండోది ఎవరిది? తల లోపల ఎవరు పాడుతున్నారు? చెమట వీపు మీద గీతలా దిగుతోంది. ఇంత దూరం వచ్చాక, ఈ గదిలో ఇలా, చేతిలో మీటతో, చెవిటిదానిగా బయటికి వెళ్ళి శనివారం ఆ ముసలాళ్ళ పెదాలు కదలడం చూస్తూ నిలబడాలా? అత్త ఏమంటుంది? అత్త ఏమంటుందో వినపడితే కదా. అత్తకి పాత అలవాటు, దుఃఖం వస్తే మాట్లాడదు, చెవిలో పాడుతుంది, దగ్గరగా, ఊపిరి తగిలేట్టు. ఏ చెవిలో పాడుతుంది?

తలుపు రబ్బరు ఉఫ్‌మంది. లోకం ఒక్కసారి లోపలికి దూకింది, దగ్గు, చెప్పులు, ట్రాలీబస్సు. డాక్టరు చేతిలో సన్నటి వైరు చివర చిటికెనవేలి గోరంత మెత్తటి మొగ్గ. "కంగారు పడకు. ఇది పుట్టిన పిల్లల చెవుల్లో పెట్టేది. వాళ్ళు మీట నొక్కరుగా. అందుకని చెవినే అడుగుతాం." ఆ మొగ్గని కుడి చెవిలో దూర్చింది. "ఇందులో మైకుంది. నువ్వేం చెయ్యక్కర్లేదు. మింగకు కూడా."

మింగలేదు. మింగడానికి నోట్లో తడి ఉంటే కదా. డాక్టరు చేతిలోని తెర తన వైపు తిప్పింది. తెర మీద కింద గడ్డిలా గజిబిజి గీత, చదునైన పొలంలా. అందులో ఒకచోట నిటారుగా, ఒంటరిగా, సూదంత సన్నంగా ఒక గీత నిలబడి ఉంది. దాని నెత్తిన స్వరం స్థాయి చెప్పే అంకె. ఒకటి, కామా, అయిదు. ఆ కామా కనపడగానే ఒళ్ళు జల్లుమంది, తెలియకుండానే చెవిలో మొగ్గని పీకెయ్యడానికి చెయ్యి లేచింది.

"ఆగు, ఆగు! బంగారంలాంటి గీత, చెడగొట్టకు." డాక్టరు ఆ చేతిని పట్టుకుని దించి, పట్టుకునే ఉంది. "ఇది నేను వదిలింది కాదు. మిషను ఊరుకుంది, చూడు. ఇది నీ చెవిలోంచి బయటికి వస్తోంది."

"నా చెవిలోంచా?"

"నీ చెవే పాడుతోందమ్మాయ్. చెవి అంటే గిన్నె అనుకున్నావా, పోసింది పట్టుకోవడానికి? లోపల వెంట్రుకల్లాంటి కణాలుంటాయి. సన్నటి శబ్దం వస్తే అవి దాన్ని తోస్తాయి, ఉయ్యాల తోసినట్టు. తోసింది మళ్ళీ వాటికే తగులుతుంది, మళ్ళీ తోస్తాయి. కొందరి చెవుల్లో బయట ఏమీ లేకపోయినా తోస్తూనే ఉంటాయి. బతికున్న చెవే అలా పాడుతుంది. పోయిన చెవికి గొంతుండదు. ఎడమ చెవిలో మోత వేరు, దాని గురించి నేను అబద్ధం చెప్పను, అది తిరిగిరాదు. ఇది వేరు. దీని దగ్గరికి నేనొక స్వరం తెచ్చేసరికి రెండూ కొట్టుకున్నాయి. నేనైతే కనిపెట్టేదాన్ని కాదు, మిషను పాడైందనుకుని మెకానిక్కుని పిలిచేదాన్ని."

"ఇన్నాళ్ళూ లేదుగా. ఇవాళ పొద్దున్నే..."

"ఇన్నాళ్ళూ ఉంది. నువ్వు వినలేదు. నువ్వు లోపలికి వచ్చేముందు చెవిలోంచి ఏం తీశావు? మైనమేగా? రాత్రీ పగలూ బయటి చప్పుళ్ళన్నీ మూసేసుకుంటే ఇంక వినపడేది ఏముంటుంది, నువ్వే వినపడతావు. పైగా రాత్రి మంచు. తీసెయ్ ఆ మైనం. కచేరీలకి పెట్టుకో, రంపం మిల్లుకి వెళ్తే పెట్టుకో. నిద్రకెందుకు?"

వెళ్ళింది మళ్ళీ రావడం. తోసింది మళ్ళీ తోయడం. చుట్టు. దేవుడా, చుట్టు! తన తల లోపల పుట్టినప్పటినుంచీ ఒక చుట్టు కట్టి ఉంది, ఎవరూ కాపలా లేని చుట్టు. ఊరట రావాల్సిన చోట ఇంకో భయం వచ్చి కూర్చుంది, పాతదానికంటే చల్లగా. "మరి దానికి కాపలా ఎవరు?" అంది, తన గొంతు తనకే బొంగురుగా వినపడింది. "పెరిగి పెరిగి పేలిపోదా? ఎవరు కత్తిరిస్తారు దాన్ని?"

డాక్టరు ఆమె మొహంలోకి చూసింది, ఇదేం ప్రశ్న అన్నట్టు, తర్వాత, ఇది ఊరికే అడిగిన ప్రశ్న కాదని తెలిసినట్టు. "ఎవరూ కత్తిరించరు. దానికే అలుపొస్తుంది. చిన్న చప్పుడైతే గట్టిగా తోస్తుంది. పెద్దదయ్యేకొద్దీ తోపు తగ్గిపోతుంది. బాగా పెద్దదానికి అసలు తోయదు, ఉయ్యాల పైకి పోయాక చేతులు దించేసినట్టు. అందుకే పాడుతూ ఉంటుంది గానీ అరవదు."

అలుపు. వసారాలో బెంచీ మీద, తడి కోటుల వాసన మధ్య, దగ్గే ముసలాయన పక్కన కూర్చుని స్కిర్మాంతె ఆ మాటనే నోట్లో తిప్పుకుంటోంది. ఒళ్ళో లాప్‌టాప్ తెరిచి ఉంది. ఎప్పుడు తెరిచిందో గుర్తులేదు. మగ్గం పేజీ. కిందటి వేసవిలో దాచిన అత్తా బ్రోనె పిన్నీ గొంతులు ఒక పెట్టెలో, దానికి చుట్టు కట్టిన దారం, దారం మీద కాపలా పెట్టె, మూతి ముడుచుకుని. దాన్ని వేలితో పట్టుకుని బయటికి లాగింది. వచ్చేసింది. దారం బోసిగా వేలాడింది. ఆ ఖాళీలో గీత గీసే పెట్టె పెట్టింది. లోపలికి ఎంత వస్తే బయటికి ఎంత వెళ్ళాలో వేలితో గీత గీసి చెప్పే పెట్టె అది. మొదట నిటారుగా గీసింది, చిన్న గొంతుని గట్టిగా తోసేట్టు. పైకి వెళ్ళేకొద్దీ వంచింది, ఇంకా వంచింది, గింజ బరువుకి రై కంకి తల వాల్చినట్టు. అంకె వెయ్యాల్సిన చోట సున్నా వేసింది. వేలు కామా మీద ఆగింది. ఆగి, వేసింది. తొమ్మిది వేసింది. తను సరిచేసిన పెట్టె దాన్ని సరిగ్గానే చదివి చూపించింది. చూపించినా ఇంకోసారి చూసింది. ఇంకోసారి.

ఫోను మోగింది, వీతెనిస్. "ఏమన్నారు?" అన్నాడు. చెప్పింది. చెవి పాడుతోందిట అని చెప్పింది. "ఏం, పాడటం మీ ఇంట్లో చెవులక్కూడా అంటుకుందా?" అన్నాడు, ముక్కు చీదుకుంటూ. గీత వంచిన సంగతి చెప్పింది. అతను ఒక్కసారిగా గట్టిగా, "ఇప్పుడు వినకు! నేను వస్తున్నాను, ముందు నేను పెట్టుకుంటాను," అన్నాడు.

"నీ చెవులు నీ దగ్గరే ఉంచుకోరా," అంది. ఈసారి ఆ మాటలో ముల్లు లేదు.

సంచిలోంచి హెడ్‌ఫోన్లు తీసింది. ఆ రోజు గోడకి కొట్టుకున్నవే, ఒక పక్క నొక్కుకుపోయి ఉంది. బిరడా పూర్తిగా కిందికి తిప్పి, వెంట్రుకవాసి పైకి తెచ్చింది. ఇంత కిందికి తిప్పాక ఏమీ కాదని బుర్రకి తెలుసు. చేతులకి తెలియదు. నెత్తిన పెట్టుకుని, కుడి చెవికి గిన్నె ఆనించింది. కోటు జేబులో ఎడమ చెయ్యి మైనం ఉండని దొరకబుచ్చుకుని పిసుకుతోంది. పేజీ ఊరుకుని ఉంది. మనిషి వేలు మొదటిసారి తగిలేదాకా ఏ బ్రౌజరూ శబ్దం వదలదు, అది దాని పద్ధతి. ఎవరూ తాకకపోతే శనివారం దాకా కూడా అలాగే ఊరుకుంటుంది, ఎవరి చెవికీ ఏమీ కాదు. ఎవరూ ఏమీ వినరు. ముసలాయన దగ్గు ఆపి తెరకేసి చూసి, "కోడిగుడ్ల లెక్కా అమ్మాయ్?" అన్నాడు. కాదన్నట్టు తల ఊపింది.

కుడి చేతి వేలు దించి తాకింది.

అత్త గొంతు. దాన్ని ఆనుకుని బ్రోనె పిన్ని గొంతు. భుజాలు రాసుకున్నాయి, రుంయ్‌మంది, చుట్టు తిరిగింది, మళ్ళీ వచ్చింది, రెండు నాలుగయ్యాయి, దారం పసుపు తిరిగింది, ఉబ్బింది, నారింజ, ఇంకా ఉబ్బుతోంది, ఇదే, ఇక్కడే, కళ్ళు మూసుకుపోయాయి, భుజాలు లేచాయి, నారింజలోంచి... వాలింది. కంకి తల వాల్చింది. మళ్ళీ లేచింది, మళ్ళీ వాలింది, లోపల ఎవరో ఊయల తోస్తున్నట్టు, చేతులు దించుతున్నట్టు, పొయ్యి పక్కన బల్ల, వీపు మీద ఊపు. ఎక్కడా టక్‌మనలేదు. జేబులో మైనం వేళ్ళ సందుల్లోంచి పిండయి బయటికొచ్చింది. కుడి చెయ్యి మళ్ళీ హెడ్‌ఫోను మీదే ఉంది, గట్టిగా, వేళ్ళు తెల్లబడేలా, ఏ క్షణాన్నయినా లాగెయ్యడానికి. లాగలేదు.